జీపు వెనక నిలబడి

లచ్చత్త కళ్ల పరీక్షకని చంద్రపూర్ వచ్చి మా ఇంట్లో రెండు రోజులు ఉంది. డాక్టరు ఇచ్చిన చుక్కల మందు, మా ఆవిడ కట్టిచ్చిన పచ్చడి సీసా సంచిలో సర్దుకుని బస్సుకు బయల్దేరుతుంటే, కారులో దింపి వస్తానన్నాను. మర్యాద కోసం అన్న మాటే అది. ఆమె వద్దంటుందనుకున్నాను. సరే పద అంది. అక్కడితో నా పని అయిపోయింది. ఎందుకంటే ఆమెతో ఒంటరిగా గంటన్నర కూర్చోవడమన్నది నేను మీసాలు వచ్చిన నాటి నుంచీ తప్పించుకుంటూ వచ్చిన పని. ఆమె మా నాన్నకు వరసకు చెల్లెలు. విరూర్‌లో వాళ్లది తరాల నాటి తెలుగు రైతు కుటుంబం. ఆమె కుడిచేయి మోచేతి దగ్గర వంగి అలాగే నిలిచిపోయింది, చాచడానికి రాదు. అలా కావడానికి కారణం నేను. ఆ సంగతి ఆమెకు తెలియదని, నేను చెబితే తప్ప ఎవరికీ తెలియదని అనుకుంటూనే ఇంత ముసలివాణ్ణయ్యాను. చెప్పాలని ప్రతి పెళ్లిలోనూ, ప్రతి చావులోనూ అనుకున్నాను. పలకరించి, కాళ్లకు దండం పెట్టి, పక్కకు తప్పుకున్నాను.

బల్లార్పూర్ ఇంకా రాకముందే ఒక మోటార్ సైకిల్ మనిషి కిటికీ పక్కకు వచ్చి, కాకా, మీ బ్రేక్ లైట్లు వెలగడం లేదు, చూసుకోండి అని మరాఠీలో చెప్పి వెళ్లిపోయాడు. పెట్రోల్ బంకు పక్కన ఆపాను. ఎండ మండిపోతోంది. బ్రేకు తొక్కేవాడే వెనక్కి వెళ్లి చూసుకోలేడు కదా, ఎవరినైనా పిలుద్దామని తల బయటపెట్టేసరికి లచ్చత్త అప్పటికే దిగి కారు వెనక్కి వెళ్లింది. ఎండ పడకుండా లైటు అద్దం మీద అరచేయి అడ్డం పెట్టి, తొక్కు బిడ్డా అంది. తొక్కాను. లేదు అంది. రెండో వైపు వెళ్లి, లేదు అంది. అద్దం లోపల పైన ఉండే మూడోదాన్ని కూడా చూసి, ఇదీ లేదు అంది. అద్దం మీద చేయి అడ్డం పెట్టడం మా నాన్న దుకాణం పద్ధతి. ఒక లైటు పోతే బల్బు చూడు, అన్నీ ఒక్కసారే పోతే బల్బుల జోలికి పోకు అన్నది కూడా ఆయన మాటే. స్టీరింగ్ కింద మూత తీసి చూస్తే బ్రేకు లైట్ల ఫ్యూజు మాడి ఉంది. మూతలోనే ఉన్న కొత్తది పెట్టి మళ్లీ తొక్కాను. ఉన్నది, ఉన్నది, మీదిది గూడ ఉన్నది అంది. కారెక్కి కూర్చుని, మా అన్న నేర్చిన ఇద్దె నీకు గూడ వచ్చింది బిడ్డా అని మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు విని నేను ఆమె వైపు చూడలేకపోయాను. బండి కదిలించాను. ఆమె కునుకు తీస్తోంది. నాకు మాత్రం చంద్రపూర్ బాబుపేట్‌లో మా రేకుల పంచ కళ్ల ముందుకు వచ్చి కూర్చుంది.

మా తాత కరీంనగర్ వైపు నుంచి వచ్చి చంద్రపూర్ బొగ్గు గనిలో చేరినవాడు. నాన్ననూ అందులోనే పెట్టాలని చూశాడట. నాన్న ఒక్క షిఫ్టు దిగి, మర్నాడు జ్వరం తెచ్చుకుని, నరికినా మళ్లీ దిగనన్నాడట. ఆ చీకటి ఆయనకు పడలేదు. ఎవరి దగ్గరో చేరి బండ్ల వైరింగు నేర్చుకుని మా ఇంటి ముందు పంచలోనే దుకాణం పెట్టాడు. ఇంజను ముట్టేవాడు కాదు. లైట్లు, హారన్లు, బ్యాటరీలు, అంతే. ఊరంతా లైట్ మిస్త్రీ అనేది. పొద్దున అమ్మ వాకిట్లో బొగ్గుల కుంపటి, మా వైపు సిగ్డి అంటారు, రాజేసేది. ఆ పొగ వీధి దాటేలోపు నాన్న స్నానం చేసి, విభూది పెట్టుకుని, బిస్కెట్ల డబ్బా ముందేసుకుని కూర్చునేవాడు. అందులో దూది మధ్య బల్బులు ఉండేవి. ఒక్కొక్కటే తీసి చెవి దగ్గర ఆడించి, లోపలి తీగ తెగిందో లేదో వినేవాడు. ఆయన దగ్గర ఎప్పుడూ టంకం పొగ వాసన, కిరసనాయిలు వాసన. బ్యాటరీ యాసిడ్ పడి ఒక్క చొక్కా కూడా చిల్లుల్లేకుండా ఉండేది కాదు. ఆ చొక్కాలను అమ్మ మా బట్టలతో కలపకుండా విడిగా ఉతికేది. చేయాల్సిన పనులు గోడ మీద సుద్దముక్కతో రాసుకునేవాడు, తెలుగు మాటలే గానీ మరాఠీ అక్షరాల్లో. మా ఇంట్లో ఎవరికీ తెలుగు అక్షరం రాదు. నేను నేర్చుకున్నది పెళ్లయ్యాక, మా ఆవిడ దగ్గర, పలక పట్టుకుని.

నాన్న పనిలో నాకు అప్పట్లో చాదస్తంగా తోచిన పట్టింపు ఒకటుండేది. ఏ బండి వచ్చినా, బాగు చేసింది ఒక్క ఇండికేటరే అయినా, పోయేముందు అన్ని లైట్లూ వరసగా చూడాలి. తను లోపల కూర్చుని ఒక్కొక్కటే వేసేవాడు. ముందు చిన్న లైటు, తర్వాత హెడ్‌లైటు, పాదం దగ్గర మీట నొక్కి డిప్పరు, ఎడమ ఇండికేటరు, కుడి ఇండికేటరు, చివరకు బ్రేకు. బయట ఒకరు నిలబడి, అద్దానికి చేయి అడ్డం పెట్టి చూసి చెప్పాలి. అది ఎక్కువగా నేనే. బ్రేకు తొక్కితే ఇండికేటరు మసకగా మిణికిందంటే ఎర్త్ తీగ వదులైందని, ఇండికేటరు గబగబా కొట్టుకుంటే ఒక బల్బు పోయిందని నాకు పదేళ్లు నిండకముందే తెలుసు. చూసి చెప్పేటప్పుడు 'ఉన్నది' అనాలి, లేకపోతే 'లేదు' అనాలి. 'ఆఁ' అంటే ఒప్పుకునేవాడు కాదు. ఒకసారి నేను ఆఁ, ఆఁ అంటుంటే బండి దిగి వచ్చి, కోపం లేకుండానే చెప్పాడు.

"ఆఁ అంటె నా మాట ఇన్నట్టు. ఉన్నది అంటె చూసినట్టు. బండి నడిపేటోనికి ఎనకకు కండ్లుండయ్ బిడ్డా. గాయన నీ మాట మీద పోతుండు."

కాలేజీలో చేరాక ఆ పంచ నాకు ముళ్లపాన్పు అయింది. నా స్నేహితులు వకీళ్ల కొడుకులు, గుమాస్తాల కొడుకులు. వాళ్ల ఇళ్లలో నాన్నలు ఇస్త్రీ బట్టలతో ఆఫీసుకు వెళ్లేవాళ్లు. మా నాన్న బండి కింద వెల్లకిలా పడుకుని, నోట్లో వైరు ముక్క పెట్టుకుని, తెలుగులో పాటలు కూనిరాగం తీసేవాడు. ఎవరన్నా ఇటు వస్తే నేను బండి బాగు చేయించుకోవడానికి వచ్చినవాడిలా నిలబడేవాణ్ణి. మా ఇల్లెక్కడ అని అడిగితే స్టేషను వైపు అని చేయి ఊపేవాణ్ణి. మరాఠీ నాకు వాళ్లకంటే బాగా వచ్చు, దాని వెనక దాక్కున్నాను. అప్పటి నన్ను ఇప్పుడు పట్టుకోగలిగితే చెంప పగలగొడతాను. నాన్న మాత్రం నా పుస్తకాలు ముట్టుకోవాలంటే కిరసనాయిలుతో చేతులు తుడిచి, సబ్బుతో కడిగి, వాసన చూసుకుని మరీ ముట్టుకునేవాడు.

అది పత్తి ఏరే కాలం. లచ్చత్త భర్త రాజయ్య మామ రాజురా నుంచి విరూర్‌కు మనుషులను చేరవేసే జీపు నడిపేవాడు. వెనక లైట్లు వెలిగి ఆరుతున్నాయని ఒకనాడు పొద్దున్నే మా దగ్గరికి తెచ్చాడు. అత్త కూడా వచ్చింది, ఉప్పు వేసి ఉడికించిన కందికాయ ఒక గంపెడు తెచ్చింది. నాన్న వెనక రెండు లైట్లూ విప్పి, తుప్పు గీకి, రెండింటికీ కలిపి ఉన్న ఎర్త్ తీగను కొత్త బోల్టుతో బిగించాడు. ఒకసారి చూస్తే అంతా వెలిగింది. ఆ తర్వాత లైట్ల మూతలు బిగించి, చివరి వరస చూడటానికి లోపల కూర్చుని నన్ను పిలిచాడు. నేను వెళ్లి జీపు వెనక నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే సందు మొదట్లో సుధీర్ గొంతు వినపడింది. మా క్లాసువాడు, వెంట ఇంకా ఇద్దరు. సైకిళ్లు నడిపించుకుంటూ ఇటే వస్తున్నారు. నా చేతులకు మసి, ఒంటి మీద నాన్న చిల్లుల చొక్కా. జీపు చాటున గబుక్కున కూలబడి, చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు తల వంచి, మొహం గోడ వైపు తిప్పుకున్నాను. లోపలి నుంచి నాన్న ఒక్కొక్కటే అడుగుతున్నాడు. ఎడమ? ఉన్నది. కుడి? ఉన్నది. బ్రేకు? ఉన్నది. ఒక్కదాన్నీ చూడలేదు. నా ధ్యాసంతా సైకిల్ చక్రాల చప్పుడు మీద, ఎప్పుడు దాటిపోతాయా అని. అవి దాటిపోయాయి. నాన్న డబ్బా మూసేశాడు. అత్త నా చేతిలో గుప్పెడు కందికాయ పోసి జీపు ఎక్కింది.

మూతలు బిగించేటప్పుడు ఆ బోల్టు దగ్గర తీగ మళ్లీ కదిలిందని తర్వాత తెలిసింది. మధ్యాహ్నం రాజురాలో మనుషులను ఎక్కించుకుని బయల్దేరాక జీపుకు ఆవు అడ్డం వచ్చింది, మామ బ్రేకు తొక్కాడు. వెనక బొగ్గు లారీ వస్తోంది. ముందు బండి ఆగుతోందని లారీవాడికి తెలియలేదు. మిగిలినవాళ్లు గీరుడు దెబ్బలతో బయటపడ్డారు. అత్త జీపు చివర, తలుపు పక్కన కూర్చుంది. వంగిన ఇనుప చట్రం మధ్య ఆమె కుడిచేయి ఇరుక్కుంది. సాయంత్రం కబురు రాగానే నాన్న బస్సెక్కి ముందు జీపు దగ్గరికి వెళ్లాడు. బోల్టు కదిపి చూసి, అక్కడి నుంచి చంద్రపూర్ ఆసుపత్రికి వెళ్లి, ఇంటికొచ్చాక నన్ను వాకిట్లోకి పిలిచాడు.

"బ్రేకు ఉన్నది అన్నవు. చూసినవా బిడ్డా?"

"చూసిన" అన్నాను.

మర్నాడు అన్నం క్యారియర్ పట్టుకుని నేనూ ఆసుపత్రికి వెళ్లాను. లారీ డ్రైవరు అప్పటికే అందరికీ చెప్పాడు, జీపుకు లైటు రాలేదని. విరూర్ నుంచి వచ్చిన పెద్దలు మంచం చుట్టూ నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకాయన, లైటు మంచిగుందని చెప్పి పంపింది ఎవరు అని అడిగాడు. నాన్న ముందుకు వెళ్లి, అంతమంది ఎదుట లచ్చత్తకు రెండు చేతులూ జోడించి, "నేనే చూసిన చెల్లె. నా కండ్లే మోసం చేసినయి" అన్నాడు. ఎన్నో ఏళ్లుగా ఏ బండినీ సరిచూడకుండా పంపని మనిషి. ఆ పెద్దాయన ఇంకో నాలుగు మాటలు అన్నాడు. నాన్న తలవంచుకుని ఆ మాటలన్నీ పడ్డాడు. నేను క్యారియర్ పట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాను. నోరు తెరవడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం నాకు దొరికింది, ఒకటి కాదు, చాలా దొరికాయి. తెరవలేదు.

ఆ తర్వాత నాన్న నన్ను బండి వెనక నిలబడమని ఎప్పుడూ పిలవలేదు. అమ్మను పిలిచేవాడు. ఆమె కొంగు నెత్తిన కప్పుకుని, వీధిలో అందరూ చూస్తుండగా, అద్దానికి చేయి అడ్డం పెట్టి, ఉన్నది, ఉన్నది అని చెప్పేది. ఆయనకు నా మీద అనుమానం వచ్చిందా, నా చదువు చెడకూడదని వదిలేశాడా, నేను అడగలేదు. అడిగితే చెప్పాల్సి వస్తుంది కదా. ఇక ఆ మసిలో నిలబడే పని తప్పిందని నాకు హాయిగా అనిపించింది. ఇది రాయడానికి చేయి రావడం లేదు, కానీ నిజం. హాయిగానే అనిపించింది. ఆ హాయితోనే చదివి, మరాఠీ బడిలో మాస్టరునై, పిల్లలకు నిజం చెప్పాలని బల్ల గుద్ది మరీ పాఠం చెప్పాను.

ఇప్పుడు బాబుపేట్‌లో మా పంచ ఉన్నచోట మొబైల్ దుకాణం ఉంది. బండ్ల కంపెనీ వాళ్లు కారును లోపలికి తీసుకెళ్లి, మనల్ని చల్లని గదిలో కూర్చోబెట్టి, కంప్యూటరు కాగితం చేతిలో పెడతారు. కొత్త కార్లలో బల్బు పోతే డ్రైవరు ముందే బొమ్మ వెలుగుతుందట. మనిషిని వెనక నిలబెట్టి, వాడి మాట మీద బయల్దేరే అవసరం తప్పింది. మంచిదే. నాలాంటివాడు ఒకడు వెనక నిలబడితే ఏమవుతుందో నాకు తెలుసు. అయినా ఆ పద్ధతిలో ఒకటుండేది. బండి పోయాక దానికేమన్నా అయితే, ఉన్నది అన్న మనిషి వీధిలోనే, పేరుతో, మొహంతో ఉండేవాడు. ఇప్పుడు ఆ కాగితం మీద ఎవరి సంతకమో నాకు చదవడానికి కూడా రాదు.

విరూర్ చేరేసరికి ఎండ వాలింది. లచ్చత్త వాకిట్లో కారు ఆపాను. కొడుకూ కోడలూ చేనికి వెళ్లినట్టున్నారు, ఇంట్లో ఎవరూ లేరు. ఆమె తలుపు తీయబోతుంటే ఆగమన్నాను. ఆమె సంచి ఒళ్లో పెట్టుకుని నా వైపు తిరిగింది. అన్నేళ్లు తిప్పి తిప్పి అల్లుకున్న మాటలన్నీ ఎటు పోయాయో, నోటికి వచ్చింది ఇంతే.

"అత్తా, ఆనాడు జీపు లైటు చూసింది బాపు కాదు. నేను. చూడకుండనే ఉన్నదన్న."

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఏడుస్తుందేమోనని కూడా భయపడ్డాను. ఆమె సంచి దారం సరిచేసుకుంటూ, "గిదా? పొద్దటి సంది గిందుకేనా మొకం గట్ల వెట్టినవు" అంది. లైటు ఎవరు చూస్తే ఏంది, ఆవు అడ్డం వచ్చింది, లారీ గుద్దింది, ఎనకటి ముచ్చట అంది. ఇన్నేళ్లు నేను మోసిన దాన్ని ఆమె వాకిట్లో చెత్త ఊడ్చినట్టు పక్కకు నెట్టేసింది. నాకు గుండె తేలికవబోయింది. కానీ ఆమె అక్కడ ఆగలేదు.

చేయి అలా అయ్యాక మూడేళ్లు, పత్తి కాలమంతా, మా నాన్న ప్రతి ఆదివారం రైలెక్కి విరూర్ వచ్చేవాడట. ఒక చేత్తో ఆమె ఏరలేకపోతుంటే ఆమె సాలు తను పట్టేవాడట. పత్తి ఏరడం ఆయనకేం తెలుసు, ఎండిన కాయల అంచులకు వేళ్లన్నీ గీరుకుపోయేవట, అయినా సాయంత్రం రైలు దాకా వంచిన నడుము ఎత్తేవాడు కాదట. నాకు ఆదివారాలు గుర్తొచ్చాయి. నాన్న పొద్దున్నే ఇంట్లో ఉండేవాడు కాదు. బయటి పని అని అమ్మ చెప్పేది. ఏం పని అని నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఆ రోజుల్లో ఆయన ఇంట్లో లేకపోతే స్నేహితులు ఇటు వచ్చినా దాక్కోనక్కర్లేదని సంబరపడేవాణ్ణి.

"నిన్ను గూడ తీస్కరమ్మన్న" అంది అత్త. "పోరన్ని తీస్కరా అన్నా, ఇద్దరైతె జల్ది అయితది అన్న. మావోడు రాడు చెల్లె, వానికి నా ఎంబడి కనవడుడు సిగ్గు అన్నడు మీ బాపు. నవ్వుకుంటనే అన్నడు."

అంటే ఆయనకు తెలుసు. గోడ వైపు తిరిగిన నా మొహం, స్టేషను వైపు ఊపిన నా చేయి, అన్నీ తెలుసు. లైటు అబద్ధంతో పాటు ఆ సిగ్గును కూడా ఆయన నుంచి దాచాననే అనుకున్నాను. సిగ్గుపడాల్సినవాణ్ణి నేను. నా సిగ్గును పత్తి చేలో పదిమంది మధ్య నవ్వుతూ చెప్పుకున్నది ఆయన. నా ఎదుట మాత్రం చనిపోయేదాకా ఆ మాట ఎత్తలేదు. స్టీరింగ్ మీద తల ఆనించి, ఇంత వయసొచ్చి, ఒక ముసలామె పక్కన కూర్చుని ఏడ్చాను.

ఆమె ఓదార్చలేదు. ఎండన పడి వచ్చినవు, నీళ్లు తెస్తానుండు అని కారు దిగి లోపలికి వెళ్లింది. నేను మొహం తుడుచుకుని అరుగు మీద కూర్చున్నాను. కాసేపటికి చెంబుతో వచ్చింది. నాకు అందించబోయి, ఒక్క క్షణం ఆగి, తప్పు చేస్తున్నదానిలా నా మొహంలోకి చూసింది.

"ఎడమ చెయ్యితోటి ఇస్తున్న, ఏమనుకోకు బిడ్డా. కుడిది గంత దూరం రాదు."